మాట విడదీస్తే: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి ఉత్తరాలు ఎక్కువగా మాటల లోపలి ముక్కల చుట్టూ తిరిగాయి. వాటిలో కొన్నింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: అక్షరం తెలుసు, పదం తెలుసు. మధ్యలో ఈ 'పదాంశం' ఏమిటి? నోట్సులో 'అర్థవంతమైన కనిష్ఠ భాగం' అని ఒక్క వాక్యం ఇచ్చి వదిలేశారు. పరీక్షలో మాట ఇచ్చి విడదీయమంటే ఎక్కడ కోయాలో తెలియడం లేదు.
— డీఎస్సీకి చదువుతున్న పాఠకుడు, కర్నూలు

జవాబు: నిర్వచనం తప్పు కాదు, దాన్ని వాడే తీరు ఎవరూ చెప్పలేదంతే. ఒక ముక్కకు అర్థమో, వ్యాకరణంలో ఒక పనో ఉండాలి. దాన్ని ఇంకా చీలిస్తే ఆ అర్థం పోవాలి. అలాంటిది పదాంశం. 'పిల్లలకు' అన్న మాటలో పిల్ల, ల, కు అని మూడున్నాయి. 'పి'కి ఏ అర్థమూ లేదు కాబట్టి అది అక్షరం మాత్రమే.

కోసేటప్పుడు మాటను ఒక్కదాన్నే ముందు పెట్టుకుని చూస్తే ఏమీ తేలదు. దాని చుట్టాలను పక్కన రాసుకోవాలి. 'చేయించాడు' తీసుకోండి. దాని కింద చేయించాను, చేయించావు, చేయించారు అని రాయండి. మారుతున్నది చివర డు, ను, వు, రు. ఎవరు చేయించారో చెప్పే ముక్క అదన్నమాట. ఇప్పుడు 'చేయించడు' రాయండి. చేయించాడు, చేయించడు: రెండింటికీ తేడా ఒక్క దీర్ఘం. దీర్ఘం ఉంటే పని అయిపోయింది, హ్రస్వం ఉంటే ఆ పని జరగదు. అంటే ఇక్కడ ఆ ఒక పదాంశం, అ ఇంకో పదాంశం. ఒక్క అచ్చు భూతకాలాన్ని మోస్తోంది, ఇంకో అచ్చు వ్యతిరేకాన్ని మోస్తోంది. మూడోది, 'చేశాడు' పక్కన పెట్టండి. అందులో లేనిది 'ఇంచ్', వేరొకరితో పని చేయించడాన్ని చెప్పేది. మిగిలింది 'చేయ్' అనే ధాతువు. చేయ్-ఇంచ్-ఆ-డు, మొత్తం నాలుగు.

ఎక్కువమంది మార్కులు పోగొట్టుకునేది అక్షరాన్ని పట్టుకుని కోయడం వల్ల. 'చేయించాడు'లో 'చా' కంటికి ఒకే అక్షరం, కానీ అందులోని చ్ 'ఇంచ్'ది, ఆ కాలానిది. 'ఇంట్లో' అన్నప్పుడు ట్లో అనే ఒకే సంయుక్తాక్షరంలో ట్ 'ఇంటి'ది, లో వేరే ముక్క. అందుకని ముందు హల్లుల్నీ అచ్చుల్నీ విడివిడిగా రాసుకోండి, తర్వాతే గీత పెట్టండి.

రెండో చోటు, చూపుకు ఒకేలా ఉండేవి. చివర లు ఉన్నంత మాత్రాన బహువచనం కాదు. అనుమానం వస్తే క్రియను అడగండి. 'వేలు తెగింది' అంటే ఒక్క వేలే, ఆ లు మాటలో భాగం. 'వేలు ఖర్చయ్యాయి' అంటే వేయికి బహువచనం. అలాగే రాముడులో డు విడిపోతుంది, గూడులో విడిపోదు.

'సపదాంశం' అన్న మాట కూడా మీ సిలబస్‌లో ఉంటుంది. ఒకే పదాంశం చోటును బట్టి వేసుకునే వేషాలివి. హరికి, బడికి అంటాం. నాకు, చెట్టుకు అంటాం. పని ఒకటే, ముందు ఇ ఉంటే కి, లేకపోతే కు. ఇకారం తర్వాత కు, ను, వులలోని ఉ, ఇగా మారుతుందని చిన్నయసూరి 1858లో వెలువడిన బాలవ్యాకరణంలోనే సూత్రం కట్టాడు. ఈనాటి మాటల్లో 'చెట్టుకి' అనేవాళ్లూ ఉన్నారు కాబట్టి నియమం కొంత సడలింది. పరీక్షకు మాత్రం సూత్రమే రాయండి.

ప్రశ్న: చెట్లు, ఊళ్లు, పుస్తకాలు, గదులు... ఇన్ని రకాలుగా మారుతుంటే బహువచన ప్రత్యయం ఒకటే అని ఎలా చెప్పాలి? 'పెళ్లిళ్లు'లో బహువచనం రెండుసార్లు చేరిందా అని ఒక విద్యార్థి అడిగాడు.
— తెలుగు ఉపాధ్యాయురాలు, ఖమ్మం

జవాబు: ప్రత్యయం ఒకటే, లు. దాని రాకతో ముందున్న మాట చివర సర్దుకుంటుంది. ఆ సర్దుబాట్లే మీకు రకాలుగా కనిపిస్తున్నాయి. పుస్తకం వంటి మాటల్లో అం పోయి ఆ వస్తుంది: పుస్తకాలు, పొలాలు. చివరి ఇ, లులోని ఉకారాన్ని చూసి తానూ ఉ అవుతుంది: గదులు, పులులు. 'మనిషి'లోనైతే నడిమి ఇ కూడా మారి 'మనుషులు' అయింది. ట్టు, డ్డు చివరున్న మాటల్లో ఉ జారిపోతుంది: చెట్లు, గుడ్లు. ఎక్కువ మాటల్లో చివరి రు, లు, డు వచ్చే లుతో కలిసి ళ్లు అవుతాయి: ఊళ్లు, కాళ్లు, తమ్ముళ్లు. అయితే కారు, కాళ్లు కాదు, కార్లు. బయటి నుంచి వచ్చిన మాట కాబట్టి అని తేలిగ్గా చెప్పేయొచ్చుగానీ, మన సొంత 'పేరు' కూడా 'పేర్లు' అవుతోంది. ఇలాంటివి పిల్లలు వినికిడి మీద నేర్చుకోవలసిందే.

పెళ్లిళ్లులో బహువచనం ఒక్కసారే చేరింది. పాత రూపం పెండ్లి, పెండ్లిండ్లు అని బోర్డు మీద రాయండి. మొదటి ళ్లి మాటలోదే, పెండ్లిలోని ండ్ల కాస్తా ళ్ల అయింది. చివరి ళ్లు మాత్రమే బహువచనం. 'రాత్రిళ్లు' పక్కన పెడితే విద్యార్థికి ఇంకా తేటగా కనిపిస్తుంది, అక్కడ మొదటి ళ్లి లేదు కదా.

తరగతిలో బాగా పనిచేసే ఉదాహరణ ఇంకొకటి ఉంది. పండు, పన్ను రెండూ బహువచనంలో పండ్లు, పళ్లు అవుతాయి. పళ్లు తోముకుంటాం, పళ్లు తింటాం. ప్రభుత్వానికి కట్టే పన్ను మాత్రం పన్నులే, పళ్లు కాదు. ఏకవచనంలో ఒకేలా ఉన్న నోటిలోని పన్నూ, ఖజానా పన్నూ రెండు వేర్వేరు పదాంశాలని బహువచనమే పట్టిస్తుంది.

ప్రశ్న: మా అయిదేళ్ల పాప 'ఇల్లులో', 'చెయ్యితో', 'నోరులో' అంటుంది. ఎన్నిసార్లు సరిదిద్దినా అంతే. మేం ఇంట్లో తెలుగే మాట్లాడతాం. ఎక్కడ పొరపాటు జరుగుతోంది?
— ఒక తల్లి, డల్లాస్

జవాబు: మీ పాపకు లో, తో అనే ముక్కలు విడివిడిగా చిక్కాయి. విన్నదాన్ని వల్లించడం కాదు, తనే అతికిస్తోంది. ఇంగ్లిష్ మాట్లాడే పిల్లల మీద భాషా పరిశోధకురాలు జీన్ బెర్కో చేసి 1958లో ప్రచురించిన ప్రయోగం మీరు వినే ఉంటారు. లేని ఒక ప్రాణి బొమ్మ చూపి దాని పేరు 'వగ్' అని చెప్పి, రెండో బొమ్మ పక్కన పెడితే, ఆ మాట ఎన్నడూ వినని పిల్లలు కూడా బహువచన ప్రత్యయం చేర్చి 'వగ్జ్' అన్నారు. మీ పాప చేస్తున్నదీ ఇదే.

తనకు ఇంకా అందనిది నడిమి మెట్టు. తెలుగులో కొన్ని నామవాచకాలు లో, తో, కి చేరే ముందు వేరే రూపం ధరిస్తాయి. పాత వ్యాకరణాల్లో ఈ పని చేసే ఇ, టి, తి అనే ముక్కలను ఔపవిభక్తికాలన్నారు. ఊరు, ఊరి; కాలు, కాలి; ఇల్లు, ఇంటి; నోరు, నోటి; కన్ను, కంటి; చెయ్యి, చేతి; రాయి, రాతి; నెయ్యి, నేతి. ఆ రూపానికి లో చేరి చివరి ఇ జారిపోతే ఇంట్లో, నోట్లో, కంట్లో వస్తాయి. తో చేరితే చేత్తో. ఊరిలో కాస్తా ఊళ్లో అవుతుంది. గోడ, బల్ల వంటి మాటలకు ఈ మెట్టే లేదు, 'గోడమీద', 'బల్లకి' అని నేరుగా అతుకుతాయి. ఈ రెండో జాతి మాటలే ఎక్కువ కాబట్టి పాప దాన్నే నియమం అనుకుంది.

'ఇల్లులో కాదు, ఇంట్లో' అని ప్రతిసారీ దిద్దడం కన్నా నడిమి రూపాన్ని విడిగా వినిపించండి. అది జంట మాటల్లో దొరుకుతుంది: ఇంటి పేరు, నోటి లెక్క, చేతి గడియారం, కంటి డాక్టరు, పంటి నొప్పి, రాతి మెట్లు, నేతి గారెలు. రోజుకు ఒక మాట చాలు. 'ఇంటి తలుపు, ఇంటి తాళం, ఇంటి ముందు, ఇంట్లో' అని ఒక వరసలో వచ్చేలా మాట్లాడండి. ఎక్కువ వాడే ఇల్లు, ఊరు, చెయ్యి, కాలు, నోరు, కన్నులతో మొదలుపెట్టి, నుయ్యి, గొయ్యి లాంటివి తర్వాతకు వదిలేయండి. అక్కడ నూతులు చూసే అవకాశం ఎలాగూ తక్కువ.

ప్రశ్న: 'అనాధ' అని దిద్దకుండా వదిలేశానని మా ఎడిటర్ కోప్పడ్డారు. అనాథలో 'అన' విడిపోతుందా, 'అ' విడిపోతుందా? అనారోగ్యంలో ఎలా?
— ప్రూఫ్ రీడర్, విజయవాడ

జవాబు: అనాథ అంటే అ + నాథ, దిక్కులేని. నాథుడులో ఉన్నదే ఆ థ. అనారోగ్యం మాత్రం అన్ + ఆరోగ్యం. సంస్కృతం నుంచి వచ్చిన ఈ లేమిని చెప్పే ముక్క హల్లు ముందు అ, అచ్చు ముందు అన్. అన్యాయం, అసత్యం ఒక వైపు. అనర్హత, అనిష్టం, అనేకం ఇంకో వైపు. నాగరికం నతో మొదలవుతుంది కాబట్టి అనాగరికం మొదటి జాబితాలోది, అనాచారం రెండో జాబితాలోది.

వీటిలో 'అను' అనే మూడోది కలిసి చిక్కు పెడుతుంది. అనుచరుడు అంటే అను + చరుడు, వెంట నడిచేవాడు. అనుచితం అంటే అన్ + ఉచితం, తగనిది. తొలి రెండక్షరాలు ఒకటే, కోత వేరు. తీసేశాక మిగిలిన ముక్క నిలబడుతుందా అని చూడండి. 'చితం' ఇక్కడ ఏమీ కాదు, 'ఉచితం' నిలబడుతుంది.

మీ పనిలో పనికొచ్చేది ఇంకొకటి. ఆహ్వాన పత్రికల్లో టిఫిన్ ఉద్దేశంతో 'ఉపహారం' అని అచ్చవుతుంటుంది. టిఫిన్ ఉపాహారం, ఉప + ఆ + హారం. నడుమ ఆ లేకపోతే అది కానుక.

ప్రశ్న: నవ్వించాడు అంటే వేరొకరిని నవ్వేలా చేశాడు. మరి ప్రేమించాడు అంటే?
— ఇంటర్ విద్యార్థిని, తెనాలి

జవాబు: మంచి చోట వేలు పెట్టారు. ఇంచు రెండు వేర్వేరు పనులు చేస్తుంది. నవ్వించు, చేయించు, రాయించులో అది క్రియకు చేరి, పనిని వేరొకరి మీదికి నెడుతుంది. ప్రేమించు, రచించు, సేవించులో అది సంస్కృతపు మాటను తెలుగు క్రియగా మారుస్తుంది, అంతకు మించి ఏమీ లేదు. ఇంచు తీసేస్తే మిగిలేది నామమా, క్రియా అని చూడమని చెబుతుంటారు. 'నవ్వు' దగ్గర ఆ పరీక్ష తేలదు, అది రెండూను. 'పని ఎవరు చేశారు' అని అడగండి. నవ్వించినప్పుడు నవ్వినవాళ్లు వేరు. ప్రేమించినప్పుడు ప్రేమ ఆయనదే.

మరి వేరొకరి చేత ప్రేమించేలా చేస్తే? ఇంచు మీద ఇంచు పడదు. ఇంచు, ఇంపగా మారి పక్కన చేయు వస్తుంది: ప్రేమింపజేశాడు, రచింపజేశాడు. ఇంచు లేకుండానే ఇలాంటి పని చేసే జంటలూ మనకున్నాయి: కాలు, కాల్చు, మారు, మార్చు, తిరుగు, తిప్పు, దిగు, దింపు. వీటి మీద ఇంచు హాయిగా చేరుతుంది: తిప్పించు, దింపించు. 'వినిపించు' మాత్రం రెండు పడవల మీదా కాళ్లు పెట్టింది. పాట వినిపించింది అంటే చెవిన పడింది, పాట వినిపించాడు అంటే వినేలా చేశాడు.

ప్రశ్న: చిట్టచివరలో 'చిట్ట' అంటే ఏమిటి?
— పాఠకుడు, నిజామాబాద్

జవాబు: విడిగా ఏమీ కాదు. అది చివర + చివర. మొదటి చివరలో తొలి అచ్చు దాకా ఉంచి, మిగతాది తీసేసి ట్ట పెట్టారు. పట్టపగలు, బట్టబయలు, నట్టనడుమ, మొట్టమొదట అన్నీ ఇలాగే తయారయ్యాయి. బాలవ్యాకరణం వీటిని 'కడాదులు' అంది, కట్టకడ అన్నదాని పేరు మీద. ఈ జాబితా మూసేసినదే. కొత్త మాటకు ఈ అతుకు వేయలేం. దీనికి పూర్తిగా ఎదురు 'గి'. పుస్తకం గిస్తకం, డబ్బూ గిబ్బూ, కాఫీ గీఫీ. తొలి అక్షరం తీసి, హ్రస్వమైతే గి, దీర్ఘమైతే గీ పెడితే 'అలాంటివి' అనే అర్థం వస్తుంది. నిన్న మొన్న వచ్చిన మాటకైనా సరే అతుకుతుంది.

ప్రశ్న: వెన్నెలను వెన్ + నెల అని విడదీయవచ్చా?
— పాఠకురాలు, శ్రీకాకుళం

జవాబు: చరిత్ర అడుగుతున్నారా, ఇప్పటి తెలుగా? చరిత్రలో అవును. నెల అంటే చంద్రుడు, ముందున్నది తెలుపును చెప్పే పాత ముక్క. వెండిలోనూ అదే ఉంది. కానీ 'వెన్' ఈనాడు తెలుపు అర్థంలో కొత్త మాటలు కట్టదు, మాట్లాడేవాళ్లకు అది కనిపించదు కూడా. ఇప్పటి భాషను వర్ణించేటప్పుడు దాన్ని ఒకే పదాంశంగా లెక్కించడమే మేలని మా అభిప్రాయం. చెందామర, చెంగలువలో 'చెం' దీనికి కాస్త భిన్నం. అదీ ఒంటరిగా నిలవదు, కానీ రెండు మూడు మాటల్లో ఎరుపు అర్థంతోనే కనిపిస్తుంది, వెనుకనున్న తామర, కలువ కూడా విడిగా తెలుస్తాయి. కాబట్టి దాన్ని కోయవచ్చు.

ప్రశ్న: తెలుగు వ్యాసాల్లో వెతికే చిన్న ప్రోగ్రామ్ రాస్తున్నాను. 'ఇల్లు' అని వెతికితే 'ఇంట్లో' ఉన్న వ్యాసాలు రావడం లేదు. చివరి ప్రత్యయాలు కత్తిరిస్తే 'కిలో' కూడా తెగిపోతోంది.
— సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, బెంగళూరు

జవాబు: ఇల్లు, ఇంట్లో రెండింటికీ కంప్యూటర్ కంటికి ఉమ్మడిగా ఉన్న మొదలు ఒక్క ఇ. మొదటి అక్షరాలు పోల్చి లాభం లేదు. కుడి నుంచి ఎడమకు, వరస తప్పకుండా ఒలవాలి. 'ఊళ్లలోనే' తీసుకోండి. ముందు నొక్కి చెప్పే ఏ, తర్వాత లో, తర్వాత ల, అంటే లు విభక్తి ముందు ధరించే రూపం. చివరికి ఊళ్ మిగులుతుంది. దాన్ని ఊరుకు కలపడానికి పట్టిక కావాలి. ఇల్లు, ఊరు, చెయ్యి, నోరు వంటి రూపం మారే మాటలకు ఒక్కో వరస రాసుకోండి: ఇల్లు, ఇంటి, ఇంట్, ఇళ్ల, ఇండ్ల. క్రియల్లో 'వచ్చు'కు తప్పనిసరి, ఎందుకంటే వచ్చాడు, వస్తాడు, రాడు, రండి అని దాని మొదలే మారుతుంది.

కిలో, హలో, పల్లకి తెగకుండా ఉండాలంటే ఒలిచే ముందు మాట మొత్తంగా నిఘంటువులో ఉందేమో చూడండి. ఒలిచాక మిగిలింది కూడా నిఘంటువులోనో, మీ పట్టికలోనో ఉంటేనే కోతను ఒప్పుకోండి. 'వేలు' లాంటివాటికి రెండు జవాబులూ ఉంచి, పక్క మాటను బట్టి తేల్చుకోవాలి. ఇదంతా మొదలుపెట్టక ముందే ళ్ళ, ళ్ల రెండింటినీ ఒకే రాతకు మార్చేయండి. లేకపోతే ఇళ్ళు, ఇళ్లు రెండు మాటలుగా లెక్కపడతాయి.

ప్రశ్న: మా అబ్బాయి 'చేసిండు' అని రాస్తే 'చేశాడు' అని దిద్దారు. ఏది అసలు రూపం?
— ఒక తండ్రి, సిద్దిపేట

జవాబు: రెండూ ఒకే సరుకుతో కట్టినవే. 'చేసిన పని' అని అన్ని ప్రాంతాలవాళ్లూ అంటారు. అందులోని ఇన్ భూతకాలపు ముక్క. దానికి మగవాడిని చెప్పే ముక్క చేరితే రాయలసీమలో చేసినాడు, తెలంగాణలో చేసిండు. కోస్తాలో అది ఇంకా నలిగి చేశాడు అయింది, ఇన్ కనిపించకుండా పోయింది. కానీ ఆ కోస్తావాళ్లే 'ఆమె చేసింది' అంటారు, అక్కడ ఇన్ బయటపడుతుంది. ముక్కలు పైకి కనిపించే లెక్కన చూస్తే చేసిండులోనే అవి తేటగా ఉన్నాయి: చేస్-ఇన్-డు. పరీక్షలో పాఠ్యపుస్తకపు రూపం రాయమనడం వేరే విషయం, దానికి కారణం ఏకరూపత. మీ అబ్బాయి రాసింది తప్పు తెలుగు కాదు, మీ ప్రాంతపు రూపం. ఉపాధ్యాయుడు దాన్ని ఎర్ర సిరాతో కొట్టేయకుండా పక్కన 'పుస్తకంలో: చేశాడు' అని రాసి ఉంటే సరిపోయేది.